రెండు కంపైలర్లు, ఒక పాల చీటీ

ఊరిగాంలో నాకు ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ పోయారని సోమవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన నిద్రలోనే పోయినాడక్కా" అంది. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చూశారు, డాక్టరు వచ్చాడా అని అడిగాను. దేన్నీ ఊరికే నమ్మకపోవడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఊళ్లో బంగారు గనులు నడిచినన్నాళ్లూ మనుషులను లోపలికి దించే లిఫ్టు తాళ్లను పరీక్షించడం ఆయన పని. గనులు మూతపడ్డాక తనే కంప్యూటర్ నేర్చుకుని, ఇంటి ముందుగదిలో మాకు క్లాసులు చెప్పేవారు. ప్రోగ్రాం సరిగ్గా నడిచినా మెచ్చుకునేవారు కాదు. "నువ్వు రాసింది పది లైన్లు. మిగిలింది ఎవురు రాసినారో, యాడనుంచి వచ్చిందో చూసినావా?" అనేవారు. అంకెలను అచ్చువేయడంలాంటి మామూలు పనులను మనం రాయం. మనం రాసినదాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్, తనతో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ అనే ముందే రాసిపెట్టిన కోడ్ నుంచి తెచ్చి కలుపుతుంది. మనల్ని అడగకుండా కలుపుతుంది కాబట్టే ఆయనకు దానిమీద అనుమానం.

ఆ రోజుల్లో సుగటూరు పాల కేంద్రానికి నేనొక ప్రోగ్రాం రాసిచ్చాను. పాలలో ఫ్యాట్, అంటే వెన్నశాతం, రెండుసార్లు కొలిస్తే, సగటును ఒక దశాంశానికి కుదించి చీటీ మీద వేస్తుంది; దాన్నిబట్టే పాలకు డబ్బు. కొన్నాళ్లకు గొడవ మొదలైంది. అవే కొలతలు నేను వేసి చూస్తే నా కంప్యూటర్ 4.2 అనేది, కేంద్రం చీటీలో 4.3 ఉండేది. అదీ ఎప్పుడో ఒకసారి. పాలు కొలిచే ఆవిడ తనవాళ్లకు ఎక్కువ వేస్తోందని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఆవిడను పనిలోంచి తీసేయడానికి కేంద్రంవాళ్లు సిద్ధమయ్యారు.

సార్‌కు చెప్పాను. "ఆయమ్మను తరువాత అనుమానిద్దువు. రెండు మిషన్లలోనూ ఒకే కంపైలర్ ఉండాదా?" అన్నారు.

లేదు. కేంద్రం కంప్యూటర్ వేరే రకం. ప్రోగ్రాం ఇచ్చేటప్పుడు దాన్ని అక్కడి కంపైలర్‌తోనే మళ్లీ తయారుచేశాను.

మర్నాడు ఇద్దరం నా కంప్యూటర్ మోసుకుని బస్సులో సుగటూరు వెళ్లాం. సార్ రెండింటికీ సగటు 4.25 వచ్చే కొలతలు ఇచ్చి చూశారు. 4.2కూ 4.3కూ సరిగ్గా సగం దగ్గర కేంద్రం లైబ్రరీ పై అంకె 3 వేస్తోంది, నా దాంట్లోది దగ్గరున్న సరిసంఖ్య 2 వేస్తోంది. నా లైన్లు రెండుచోట్లా ఒకటే.

"సగం వస్తే ఏం చేయాలో నువ్వు రాయలేదు. మాట మాత్రం ఆయమ్మ పడింది" అన్నారు. "పోయి చెప్పు. నేను రాను."

ఆవిడ కేంద్రం వెనక సీసాలు కడుగుతోంది. అంతా విని, "నువ్వు కూడా అనుకున్నావు కదమ్మా" అంది. అవునన్నాను. ఆవిడ ఉద్యోగం నిలబడింది. నాతో మాత్రం మళ్లీ మనసు విప్పి మాట్లాడలేదు.

నేను బయటికి వచ్చేసరికి సార్ రోడ్డు పక్కన గోడవార కొద్దిపాటి నీడలో బస్సు కోసం నిలబడి ఉన్నారు. నన్ను చూసి, కొంచెం ఎండలోకి జరిగి ఆ నీడలో నాకు చోటిచ్చారు.