శంకర్ కారుకు ఇంటర్‌కూలర్ ముందుకు తెచ్చిన ఎండాకాలం

"దుకాణం తెరిచినవా?"

"తెరవలే. నువ్వు లేంది నేనెట్ల తెరుస్త?"

"తాళంచెయ్యి నీ కొంగుకే ఉన్నది గదా."

నల్లగొండ దవాఖానలో నా భర్త సైదులుకూ నాకూ జరిగిన చివరి మాటలు ఇవే. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో ఆయన పోయాడు. చిట్యాలలో హైవే పక్కన మాది రేడియేటర్లు బాగుచేసే దుకాణం. ఇప్పుడు కళ్లు మసకబారి పని మానేశాను. ఆ పనిలో ఏముంటుందని అడిగేవాళ్లున్నారు కాబట్టి ఒక్క సంగతి చెబుతాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అన్న కూతురు సంధ్య రాస్తోంది.

దుకాణంలో బేరమూ మాటా ఆయనవి. రేడియేటర్ విప్పడం, కడగడం, కారే చోట టంకం పెట్టడం నావి. వెనక రేకుల కింద కూర్చుని చేసేదాన్ని, అందుకని పనంతా ఆయనే చేస్తాడని జనం అనుకునేవారు. ఆయన పోయాక, ఆయన అన్న, మా సత్తయ్య బావ, షట్టర్ దించేద్దామన్నాడు. జాగా అన్నదమ్ములిద్దరిదీ. టిఫిన్ సెంటర్ వాళ్లు అడుగుతున్నారట.

"ఆడిమనిషి టంకం పెడ్తనంటె బండి ఎవడు తెస్తడు అండాలూ?" అన్నాడు.

ఆ మాట ద్వేషంతో అన్నది కాదు. ఎవరూ రారని ఆయన నిజంగానే నమ్మాడు. ఒక్క బండి పని నిలబెట్టి చూపిస్తాను, చెడిందంటే తాళం నీ చేతికే ఇస్తానని చెప్పాను.

ఆ ఒక్క బండి శంకర్‌ది. శంకర్‌ది రామన్నపేట, కిరాయి కారు నడుపుతాడు. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు ఘాటెక్కి శ్రీశైలం తీసుకుపోతాడు. జనం నిండా ఎక్కి, ఏసీ వేసి ఘాటెక్కితే కారు గుంజేది కాదు. దాన్ని గుంజేట్టు చేసిపెడతానని సైదులు బతికుండగానే ఒప్పుకున్నాడు. దినాలైపోయాక శంకర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, సైదన్న ఒప్పుకున్న పని. నువ్వు చేస్తవా, నన్ను హైదరాబాద్ పొమ్మంటవా?"

బండి లోపలికి పెట్టమన్నాను.

ఆ పనేమిటో ఇక్కడ చెప్పాలి. టర్బో ఉన్న ఇంజను మామూలుగా గాలి పీల్చదు. పొగ పోయే ఊపుతో ఒక చక్రం తిరిగి, గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. ఒత్తిన గాలి వేడెక్కి పలచబడుతుంది. దాన్ని చల్లబరిస్తే చిక్కబడి, ఇంజనుకు బలం వస్తుంది. ఆ చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. చూడడానికి రేడియేటర్ లాగానే ఉంటుంది, కాకపోతే దాని లోపల నడిచేది గాలి. శంకర్ కారులో అది ఇంజను నెత్తిన ఉండేది. ఘాటు మీద నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను వేడినంతా అదే మోసేది. దాన్ని తీసేసి, కొత్తది బంపర్ వెనక, ఎదురుగాలి తగిలే చోట పెట్టాలి.

కొత్తది ఎంచుకోవడానికి శంకర్, నేను హైదరాబాద్ పాత సామాను బజారుకు పోయాం. కారు మొహమంతా నిండేంత పెద్దది, మందంగా ఉన్నది శంకర్‌కు నచ్చింది. నేను దాన్ని ఎండకెత్తి చూశాను. జాలి, అంటే గాలి దూరే సన్న రేకుల వరస, ఎంత ఒత్తుగా ఉందంటే అవతలి వెలుతురు కనబడలేదు. దాని వెనక ఏసీ జాలీ, రేడియేటరూ నిలబడాలి. వాటికి గాలి ఎక్కడినుంచి వస్తుంది? పైగా మాది పత్తి రోడ్డు. జిన్నింగ్ మిల్లులకు పత్తి ట్రాక్టర్లు పోయే కాలంలో రోడ్డంతా దూది లేస్తుంది. ఏటా ఆ రోజుల్లో రేడియేటర్ల నుంచి దూది పీకడమే నా పని. ఒత్తు జాలి అయితే చలికాలం దాటకముందే మూసుకుపోతుంది. అందుకని పలచటిది, జాలి ఎడంగా ఉన్నది తీశాను.

శంకర్ మొహం చిన్నబోయింది. "గింత సన్నగున్నది పెడితె మా దోస్తులు నవ్వుతరక్కా."

"మన్ననూరు గుట్ట నీ దోస్తులు ఎక్కుతరా, నువ్వెక్కుతవా?" అన్నాను. దాన్నే బేరమాడాడు.

అల్యూమినియానికి మా టంకం పట్టదు. ఆ వెల్డింగుకు చౌటుప్పల్ నుంచి జహంగీర్‌ను పిలిచాను. టర్బోలు విప్పడంలో చెయ్యి తిరిగినవాడు, సైదులుకు పాత స్నేహితుడు. బంపర్ విప్పాం. వెనకనున్న ఇనుప పట్టీ గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాచేది, దాన్ని కొయ్యలేదు. కుదుపులకు పగలకుండా రబ్బరు ముక్కలు వేసి బిగించే ఏర్పాటు చేశాం. పైపులు వీలైనంత పొట్టిగా ఉండాలన్నాడు జహంగీర్. పొడుగైతే టర్బో ముందు ఆ పైపుల్ని నింపి, తర్వాతే ఇంజనుకు గాలి ఇస్తుందట, కారు ఆగి ఆగి అందుకుంటుందట. పైపుల్ని కలిపే రబ్బరు గొట్టం జారకుండా పైపు అంచులు కొద్దిగా ఉబ్బెత్తు చేశాడు. లోపలి నూనె జిడ్డు నేను కడిగాను, జిడ్డుంటే ఒత్తిడికి గొట్టం ఊడిపోతుంది.

ఇక కారుతుందో లేదో చూడాలి. రేడియేటర్‌నైతే రెండు మూతులకూ బిరడాలు బిగించి, లోపల గాలి పట్టి, నీళ్ల తొట్టిలో ముంచుతాం. బుడగ రాకపోతే బాగున్నట్టు. ఇంటర్‌కూలర్‌నూ అట్లాగే ముంచాను, బుడగ రాలేదు. పైకెత్తుతూ తొట్టిలోనే బిరడాలు తీసేశాను. రేడియేటర్‌లో ఎట్లాగూ నీళ్లే పోస్తాం కాబట్టి మా పనివాళ్లెవరూ లోపల తడి చూడరు. చేతికి అదే అలవాటు. తుడిచి తెచ్చి బండికి ఆనించాను.

జహంగీర్ పైపు తొడగబోయి ఆగాడు. ఇంటర్‌కూలర్‌ను నెమ్మదిగా ఒక పక్కకు ఒంచాడు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు అందరికీ వినబడింది.

"వదినా, గిది తియ్యాలె. నీళ్లు ఇంజన్ లోపల్కి పోతె రాడ్డు ఒంగుతది," అన్నాడు. గొంతు పెంచలేదు.

గాలి ఒత్తితే ఒదుగుతుంది, నీళ్లు ఒదగవు. పిస్టన్ వచ్చి నీళ్లకు గుద్దుకుంటే ఇంజను అక్కడికక్కడే పోతుంది. సత్తయ్య బావ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"నేను ముందే చెప్పిన. శంకర్, నీ బండి నువ్వు తీస్కపో," అన్నాడు.

నేను కొంగున ఉన్న తాళంచెయ్యి ముడి మీద చెయ్యి వేశాను. ఇచ్చిన మాట ప్రకారం విప్పాల్సిందే. శంకర్ కాసేపు బండినే చూశాడు.

"నీళ్లు మనకు దొరికినయి గదా సత్తన్నా. ఇంజనుకు దొరకలే. అక్కా, ఆరబెట్టు. రేపొస్త."

నీళ్లు ఒంపి, గాలి కొట్టి, మూతులు కిందికి పెట్టి పొద్దుగూకేదాకా ఎండలో ఉంచాను. మర్నాడు అన్నీ బిగించాక జహంగీర్ నాకు ఇంకో పద్ధతి నేర్పాడు. టర్బో మూతి మూసి కొద్దిగా గాలి పట్టి, అతుకు అతుకుకూ సబ్బు నురగ రాయాలి. నురగ ఉబ్బిన చోట కారుతున్నట్టు. గొట్టాన్ని పట్టి ఉంచే ఒక క్లాంపు దగ్గర ఉబ్బింది, బిగించాం.

శంకర్ నన్నూ బావనూ, ఇంకా నిండా మనుషుల్ని ఎక్కించుకుని మన్ననూరు పోయాడు. ఏసీ వేసే ఘాటెక్కాడు. నేను అడవి చూడలేదు, వేడి చూపే ముల్లునే చూస్తూ కూర్చున్నాను. అది సగం దాటలేదు. కారు గుంజింది. వెనక సీట్లో బావ నిద్రపోయాడు.

తాళం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఎవరిదో ట్రాక్టర్ రేడియేటర్ భుజాన వేసుకొచ్చి, "గిది జర చూడు అండాలూ," అని దించిపోయాడు. కళ్లు ఆడినన్నాళ్లూ ఆ దుకాణం నడిపాను.

నేను నేర్చుకున్నది ఇంతే. ఒక సామాను మీద పట్టిన అలవాటును ఇంకో సామాను దగ్గరికి తీసుకుపోకూడదు. తప్పును ఇంజను కంటే ముందు పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. నాకు జహంగీర్ ఉన్నాడు, ఆగి చూసిన శంకర్ ఉన్నాడు. వాళ్లు అట్లా ఉండబట్టే నేను పనిమంతురాలినయ్యాను. పనిమనిషినని రాయకు సంధ్యా, పనిమంతురాలినని రాయి.

రాసినవా బిడ్డా? ఏదీ, మొదటికెల్లి చదువు. జర నిమ్మలంగ చదువు, జహంగీర్ మాట సరిగ పడ్డదో లేదో వింట.