బాపు మోకాళ్ల మీద గంజాయి పరీక్ష

బార్కస్‌లో ఉండే దోస్తు చెప్పాడని మా బాపు మోకాళ్ల నొప్పులకు గంజాయి గింజల నూనె కొనుక్కొచ్చాడు. ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే నేను ఊరుకుంటానా? గంజాయి మందులు కొన్ని రకాల మూర్ఛలకు, కీమో వాంతులకు పనిచేస్తాయని ఆధారాలున్నాయి గానీ, మోకాళ్ల సంగతి ఇంకా తేలలేదన్నాను.

బాపుది బియ్యం వ్యాపారం. రెండు రకాలు పక్కపక్కన వండి చూడందే బస్తా దించుకోడు. "అయితే గట్లనే చూద్దం" అన్నాడు.

ఒక మోకాలికి ఆ నూనె, రెండో దానికి నువ్వుల నూనె. వాసన పట్టకుండా రెండింట్లోనూ కర్పూరం కలిపి, ఏది దేనికో చెప్పకుండా వారం రోజులు నేనే రుద్దాను.

ఈ రోజు అడిగితే రెండు మోకాళ్లూ మస్తు హాయిగా ఉన్నాయన్నాడు.

"చూసినవా బాపూ, గంజాయి గొప్పేం లేదు!"

"మరి నీ చెయ్యి గొప్పనో కాదో ఎట్ల తెలుస్తది బిడ్డా? ఇంకో నెల రుద్ది చూడు."

అంతలో వంటింట్లోంచి అమ్మ: "నాకూ రెండు మోకాళ్లున్నయ్!"

ఇప్పుడు నా పరిశోధనలో నాలుగు మోకాళ్లు. మీ ఇళ్లల్లో ఖాళీగా ఉన్న చేతులుంటే కామెంట్లో చెప్పండి, సైన్సుకు సాయం చేసినట్టుంటుంది.