కింది చెక్క

దక్షిణం. ఈ ఒక్క మాటను ముప్పై ఏండ్లుగా మోస్తున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. తెలిసినోళ్ల ముందర నోరు రాలేదు.

నేను బడి మొఖం చూడలేదు. బస్సుల మీది ఊర్ల పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్న. పాత భూచట్టాల పుస్తకాలు తూకానికి కొని చదివిన. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో, నాగర్‌కర్నూల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర ఒక చెక్కపెట్టె వేసుకొని దస్తావేజులు రాస్తుంటి. పొద్దంతా అవే ప్రశ్నలు. తండ్రి పోతే కొడుకు ఒక్కడే అమ్మొచ్చా? అక్కచెల్లెండ్ల సంతకం కావాల్నా? సాదా కాగితం చెల్తదా? పహాణీల నా పేరు ఎప్పుడెక్కుతది? అన్నిటికీ జవాబు చెప్పేటోణ్ణి. 'తెల్వదు' అన్న మాట నా నోట ఎన్నడూ రాలేదు. నల్లకోటు వకీళ్లు నన్ను 'బడి లేని ప్లీడరు' అని నవ్వేటోళ్లు. ఆ నవ్వు మీది కోపంతోనే ఇంకా చదివిన.

ఈదమ్మ కోడేరు దిక్కు నుంచి వచ్చింది. కాలువ పనులకు దేశాలు తిరిగి, మట్టి మోసి మోసి, చివరికి సొంతంగా ఇంత నేల కొంటున్న మనిషి. వాళ్ల ఊరి ఆసామి తన చేను రెండు చెక్కలు చేసి ఒకటి అమ్ముతుండు. సాదా కాగితం చాలదా అని ఆమె అడిగింది. చాలదు, రిజిస్టరు చేయించుకో అని గదమాయించిన. ఆ సలహా సరైనదే. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండేది అందుకే. సాదా కాగితం అయి ఉంటే, చేనుల ఎవరున్నరో చూసి ఊరి పెద్దమనుషులే తేల్చేటోళ్లు.

ఏ చెక్క అని అడిగిన. "కింది చెక్క" అన్నది. చెయ్యి దించి చూపించింది. ఆసామి గూడ అవునన్నడు.

నేను 'దక్షిణపు భాగం' అని రాసిన.

ఎందుకు రాసిన? గోడ మీది పటం చూసి దిక్కులు నేర్చుకున్నోణ్ణి. పటంలో మీద ఉత్తరం, కింద దక్షిణం. నాకు కింద అంటే కాగితం కింద. ఆమెకు కింద అంటే నీళ్లు పారే దిక్కు. ఆ చేను ఉత్తరానికి వాలి ఉందని నాకేం తెలుసు? తెలుసుకోవాలని అనిపించిందా? లేదు. హద్దులు గూడ అదే లెక్కన తిప్పి రాసిన. బావి మాట రాసి ఉంటే అదే కాపాడేది. బావి రాస్తే స్టాంపు ఖర్చు పెరుగుతదని ఆసామి వద్దన్నడు, నేను సరే అన్న. చివర రాసినోడి పేరు ఉండే చోట, 'దస్తూరి' అని, నా సంతకం పెట్టిన. చదివి వినిపించిన. ఆమె తల ఊపింది.

ఆరేడేండ్లు ఆమె కింది చెక్కనే చేసుకున్నది. బావి కింద వరి, పైన పల్లి. ఆసామి ఉన్నన్ని రోజులు ఎవరూ ఏమనలేదు. ఆయన పోయినంక కొడుకు కాగితం తీసిండు. దక్షిణం అంటే పై చెక్క, రాళ్ల చెక్క, అదే నీది, బావి వదిలిపెట్టు అన్నడు. మండలాఫీసులో విచారణ పెట్టిండ్రు. దస్తూరి నాదని నన్ను పిలిపించిండ్రు.

బల్ల మీద సర్వేయరు గీసిన నక్ష ఉంది. బావి ఉత్తరాన ఉంది. చూసిన ఆ క్షణంలోనే తెలిసింది. ఆసామి కొడుకు నవ్విండు. "ఏంది పెద్దమనిషీ, దిక్కులు తెల్వకనే దస్తావేజులు రాస్తవా?" వెనక ఇద్దరు వకీళ్లు గూడ నవ్విండ్రు.

"ఆమె చెప్పిందే రాసిన," అన్న.

ఈదమ్మ నా మొఖం చూసింది. "నేను దక్షిణం అన్ననా సారూ?"

"అన్నవు."

"నాకు ఆ మాటనే తెల్వదు గద."

"అన్నవమ్మా. నాకు యాది ఉంది."

బల్ల మీది కాగితాల దిక్కు చూసింది. "అన్ననేమో మరి. సదువుకున్నోళ్లు, మీరు అబద్ధం చెప్తరా."

నన్ను చదువుకున్నోడు అన్న మనిషి అప్పటిదాకా ఒక్కరు లేరు.

బావి పోయింది. రాళ్ల చెక్కల ఏం పండుతది? ఆమె మళ్ల మూట కట్టుకొని కాలువ పనికి పోయింది, అక్కడనే కన్నుమూసింది. భూమి ఎట్ల పోయిందని ఎవరడిగినా 'నా నోరే తప్పింది' అనేదట. వాళ్ల ఊరాయన బస్సులో నా పక్కన కూర్చొని ఈ సంగతి చెప్పిండు, నేనెవరో తెల్వక. నేను కిటికీలకెళ్లి చూస్తూ కూర్చున్న.

కోపం రాదా? వస్తది. చేను గట్టు తొక్కకుండ తీర్పు రాసిన అధికారి మీద, తండ్రి అమ్మిన బావి గుంజుకున్న కొడుకు మీద, ఉత్తరం దక్షిణం నేర్పని దేశం అవే మాటలతో భూమి కొనమంటది గద, ఆ పద్ధతి మీద. అందరినీ తిట్టిన, ఏండ్లకేండ్లు. తిట్టి తిట్టి నా దగ్గరికే వచ్చి ఆగుత. రాసింది వాళ్లా? 'తప్పు నాది, సవరణ రాస్త' అంటే ఆ రోజే తేలిపోయేది. సవరణ ఎట్ల చేయించుకోవాల్నో ఎందరికో చెప్పినోణ్ణి. ఈదమ్మ బిడ్డ ఉన్నది. ఆమెకన్న చెప్పుదామని రెండుసార్లు వాళ్ల ఊరి బస్సెక్కి నడుమనే దిగిన.

మూడోసారి చేను దాకా పోయిన. నేను రాసిన ఇన్ని భూముల్లో కాలు పెట్టింది అదొక్కటే. పొద్దు పొడిచే దిక్కుకు తిరిగి నిలబడ్డ. బావి నా ఎడమ చెయ్యి పక్కన ఉంది. పసిపిల్లను నిలబెట్టినా చెప్తది.

ఏ ఆఫీసులో చెల్లని సవరణ ఇది, అయినా రాస్తున్న. కింది చెక్క ఉత్తరపు భాగం. బావి అందులోనే ఉంది. ఈదమ్మ దక్షిణం అనలేదు.

దస్తూరి నాది.