నిండితే అదే ఆగుతుంది

ఎదురుగా గోదావరి నిండుగా పారుతుండగా, ముప్పైమంది అతిథులను హాల్లో కూర్చోబెట్టి, బియ్యం కడగడానికి చెంబుడు నీళ్ళు లేకుండా చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. పైగా నా ఉద్యోగం ఎక్కడనుకున్నారు? ధవళేశ్వరంలో, డెల్టా కాలువలకు నీళ్ళు వదిలే ఆఫీసులో. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చంతా తడిపి ఇల్లు ఎండగట్టాను.

ఆరేళ్ళ కిందటి మాట. అద్దె ఇళ్ళు తిరిగి తిరిగి చివరికి సొంతిల్లు కట్టుకున్నాం. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ప్రతి ప్రార్థన కూడికకీ వాళ్ళింటికీ వీళ్ళింటికీ వెళ్ళి తిని రావడమే తప్ప, మా ఇంట ఎవరికీ ఒక పూట పెట్టింది లేదు. మా ఆవిడ సువార్తకు అదే దిగులు. "ఈసారి కృతజ్ఞత కూడిక మనింట్లోనేనండి. మన చర్చి సంఘమంతా నా చేతి అన్నం తినాలి" అంది. పాపం, అంతకు మించి ఆవిడ ఏమీ కోరలేదు.

వంటింట్లో కుళాయి ఒక్కటే బిగించాల్సి ఉంది. ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. ఆవిడ తిన్నగా మామూలు కుళాయి దగ్గర ఆగింది. నేను అద్దాల బీరువాలో హంస మెడలా మెరిసిపోతున్నదాని దగ్గర ఆగాను.

"సెన్సార్ అండి" అన్నాడు కొట్టాయన. "చెయ్యి పెడితే వచ్చేద్దండి, తీస్తే ఆగిపోద్దండి. చాలా తెలివైంది."

"తిప్పితే వచ్చేది చాలండీ" అంది సువార్త.

"కాలం మారింది సువార్తా!"

"కాలం మారితే మారనివ్వండి. కుళాయి ఎందుకు మారడం?"

నీళ్ళ శాఖ ఉద్యోగికి నీళ్ళ గురించి చెబుతావా అన్నట్టు ఒక చూపు చూశాను. కొనేశాను. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే నాలుగు తన్నుకోవాలనిపిస్తుంది. అయినా ఆవిడ వదల్లేదు. తన మామూలు కుళాయి కూడా తీసుకుని సంచిలో వేసుకుంది.

బిగించడానికి వచ్చిన ప్లంబరు సత్తిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాసేపయ్యాక దానంతటదే కట్టేసుకునే రకాలు కూడా ఉంటాయండి. ఇది ఆ రకం కాదండి. ఎదురుగా ఏదుంటే దానికి వదిలేద్ది. ఎందుకైనా మంచిది, ఆ మామూలుది కూడా దగ్గరే ఉంచుకోండి."

"నువ్వు బిగించవయ్యా" అన్నాను.

ఆదివారం వచ్చింది. కోడికూర, పప్పుచారు తెల్లారేసరికే అయిపోయాయి. అన్నం మాత్రం వేడివేడిగా ఉండాలని, గుడి నుంచి వచ్చాక వండుదామనుకుంది. పాటల ప్రాక్టీసుకని ముందు తను బయల్దేరుతూ, "తాగే నీళ్ళ బిందె నింపి పెట్టి రండి. మరిచిపోకండేం" అంది.

నేను మరిచిపోలేదండి. అదే వచ్చిన చిక్కు. కొత్త స్టీలు బిందెను సింకులో కుళాయి కింద పెట్టాను. నీళ్ళు సన్నగా పడుతున్నాయి. ఇంతలో గుడి గంట మోగింది. బిందె ఇంకా సగం కూడా కాలేదు. ఉండి నింపాలా, వెళ్ళాలా? అప్పుడు తట్టింది నాకా మహత్తరమైన ఆలోచన. తెలివైన కుళాయి కదా! నిండితే అదే ఆగుతుంది. తాళం వేసి వెళ్ళిపోయాను.

అంతటితో ఊరుకున్నానా? ఆరాధనలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. దేవుడు ఇల్లిచ్చాడన్నాను, ఇంట్లో వంటిల్లిచ్చాడన్నాను, వంటింట్లో ఒక కుళాయినిచ్చాడన్నాను. "ఒక్క చుక్క కూడా వృథాగా పోదండి!" అని చెయ్యెత్తాను. అందరూ "ఆమెన్" అన్నారు. సువార్త మాత్రం అనలేదు. ఆ వేళకు మా ట్యాంకులో సగం నీళ్ళు వీధి కాలువలోకి పోయాయి.

అందరం కలిసి ఇంటికొచ్చాం. మా పాస్టరు అయ్యగారు హాల్లో పాట ఎత్తుకున్నారు. నేను గర్వంగా పదిమందిని వంటింట్లోకి తీసుకెళ్ళాను. బిందె అంచుదాకా నిండి ఉంది. కుళాయి గుర్రుమంటోంది, నీళ్ళు మాత్రం లేవు. బిందె ఎదురుగానే ఉంది కదా, నిండాక కూడా వదులుతూనే ఉందన్నమాట. ట్యాంకు ఖాళీ అయ్యాక మోటారు స్విచ్చి వెతికానని కొత్త సామెత రాసుకోండి. స్విచ్చి దొరికింది. కరెంటు లేదు. లైను పనులట, సాయంత్రం దాకా రాదట. మంచినీళ్ళ పంపు మళ్ళీ రేపు ఉదయమే.

"ఏవండీ, బియ్యం కడగాలి" అంది సువార్త నెమ్మదిగా.

"బిందెడు ఉన్నాయిగా..."

"అవి తాగడానికి. ముప్పైమంది చేతులు దేంతో కడుగుతారు?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళ కోరిక నా మూలాన అలా ఎండిపోతుంటే నాకు నిజంగా సిగ్గేసింది.

హాల్లోంచి అయ్యగారు వచ్చి, ట్యాంకు సంగతి విని, కళ్ళజోడు సవరించుకున్నారు. "ప్రసాదు గారూ, డెల్టాకి వంతులవారీగా నీళ్ళొదుల్తారు కదా. మరి మీ ఇంటి వంతు ఎప్పుడండి?"

ఒక్కసారిగా ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వులోనే అయ్యగారు చొక్కా చేతులు మడిచి ఒక బకెట్టు అందుకున్నారు. ఆయన వెనకే మిగతావాళ్ళూ. పక్కింటి చేతిపంపు దగ్గర నుంచి మా వంటింటి దాకా వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ బకెట్లు అందించారు. పంపు కొట్టే పని నాదే. వేరెవరినీ కొట్టనివ్వలేదు, సాయం అడగడానికి నాకు మొహం కూడా లేదు. మూడున్నరకి వడ్డించింది సువార్త. ఆకలి మీదున్నారేమో, అన్నం రెండోసారి వండాల్సొచ్చింది. ఆవిడ మొహం అప్పుడు చూడాలి, వెలిగిపోయింది.

మర్నాడే సత్తిబాబు వచ్చి హంసను విప్పేసి మామూలు కుళాయి బిగించాడు. విప్పినదాన్ని శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టాడు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

తరువాతి ఆదివారం సాక్ష్యాల వేళ సువార్త లేచింది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ లేవని మనిషి.

"దేవునికి స్తోత్రమండి. మా ఇంట్లో నేను చెప్పిన మాట వినేది ఇన్నాళ్ళకి ఒకటి వచ్చిందండి. తిప్పితే తిరుగుద్ది, ఆపితే ఆగుద్ది." నావైపు ఓసారి చూసి, "కుళాయి గురించేనండి" అని కూర్చుంది.

అంత గట్టి ఆమెన్ మా గుడిలో క్రిస్మస్‌కి కూడా వినలేదు.

ఒట్టు పెట్టుకోకూడదని అయ్యగారు చెబుతారు కాబట్టి, మీ అందరి ఎదుటా మాట మాత్రం ఇస్తున్నాను. ఇకమీదట నాకంటే తెలివైన వస్తువేదీ ఇంటికి తేను. తెచ్చినా, దాని గురించి సాక్ష్యం చెప్పను. చెప్పాల్సే వస్తే, ముందు ఇంటికెళ్ళి ట్యాంకు చూసి వస్తాను.