దుమ్ము సారు డిస్కు, అత్తయ్యగారి తోరణం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు. జరిగింది నాలుగేళ్ళ కిందటే. కానీ పిల్ల పుట్టాక, అంతకు ముందున్నదంతా వేరే ఎవరి జీవితమో అన్నంత దూరం జరిగిపోయింది కాబట్టి, చదివేవాళ్ళు మన్నించి నన్ను ‘ఆ రోజుల్లో’ అననివ్వాలి. ఆ రోజుల్లో కంప్యూటరంటే ఒక గది. గదిలో ఉండేదని కాదు, గదంతా అదే. మా గది నానక్‌రామ్‌గూడ దాటాక, గోపన్‌పల్లి వెళ్ళే దారిలో, రాళ్ళగుట్టల మధ్య కట్టిన కొత్త భవనంలో ఉండేది. చుట్టూ సీతాఫలం చెట్లు, మేకలు, మధ్యలో ఏసీ. (ఎండాకాలంలో మా ఆఫీసుకు చుట్టాలు ఎక్కువ.) ఎమ్మెస్సీ లెక్కలు చదివిన నేను అందులో ప్రోగ్రామరుగా చేరాను. “పర్మనెంటయితే సరే, చేసుకో అమ్మాయ్. కాకపోతే మాత్రం హాయిగా ఇంటిపట్టున ఉందువుగాని” అని అత్తయ్యగారు మొదటి రోజే కాఫీ గ్లాసు అందిస్తూ చెప్పారు. ఆవిడది కాకినాడ. ఆవిడ ఎంత మెత్తగా చెబితే అంత గట్టిగా అన్నట్టని మా ఆయన ముందే హెచ్చరించాడు.

మా ఆఫీసరును చాటుగా అందరం దుమ్ము సారు అనేవాళ్ళం. ఆయనకు లోకంలో ఉన్న కష్టాలన్నీ దుమ్ము వల్ల వచ్చినవే. గది బయట చెప్పులు విడవాలి, కాళ్ళు తుడుచుకోవాలి, తల్లో పూలుంటే పుప్పొడి రాలుతుందని తీసి కిటికీలో పెట్టి రావాలి. ఇదంతా కొత్తగా వచ్చిన డిస్కు డ్రైవు కోసం. అదొక పిండిమర అంత పెట్టె. లోపల అట్లపెనాల్లాంటి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి గిరగిరా తిరుగుతూ ఉంటాయి. అంతకు ముందు సమాచారమంతా పంచ్ కార్డుల మీదే, అంటే అట్టముక్కల మీద చిల్లుల రూపంలో ఉండేది. యంత్రం చిల్లులు చదువుకునేది. మనుషుల కోసం అదే విషయం కార్డు పై అంచున చిన్న అక్షరాల్లో అచ్చయ్యేది. పాలిటెక్నిక్ సీట్ల కోసం పరీక్ష రాసిన పిల్లల మార్కులు మనిషికొక కార్డు చొప్పున అలాగే కొట్టి, అన్నిటినీ డిస్కులోకి ఎక్కించాం. ఎక్కించిన మర్నాడు సారు కార్డుల పెట్టె అంచున వేలు పెట్టి రాసి, ఆ వేలు మా అందరికీ చూపించారు. “చూశారుగా, కాగితం పొట్టు. మన డిస్కుకు అసలు శత్రువులు ఈ కార్డులే. సాయంత్రానికి ఒక్కటి కూడా గదిలో ఉండడానికి వీల్లేదు” అన్నారు. అంత గట్టి అట్టను పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? తలా ఇన్ని పంచుకుని ఇళ్ళకు పట్టుకుపోయాం.

ఆ వారమే కంప్యూటరుకు కొత్తగా ఏం కావాలో చెప్పమని పై ఆఫీసు అడిగింది. ఒకాయన మెమరీ పెంచాలన్నాడు. ఇంకొకాయనకు వేగంగా అచ్చువేసే ప్రింటరు కావాలి. కాపీ తీసుకోవడానికి ఇంకో డిస్కు డ్రైవుంటే మంచిదని నేను నసిగాను. “ఉన్నదాన్ని శుభ్రంగా ఉంచుకుంటే ఇంకోటి ఎందుకమ్మా” అని సారు రెండో ఏసీ కోసం రాశారు.

శుక్రవారం పొద్దున్న డిస్కులోంచి కొబ్బరి కోరుతున్న చప్పుడొచ్చింది. సికింద్రాబాదు నుంచి ఇంజనీరు వచ్చి మూత తీసి చూపించాడు: పళ్ళెం మీద చుట్టూతా గోధుమరంగు చార. తగలకుండా పైన తేలుతూ చదవాల్సిన ముల్లు, దిగబడి దున్నేసింది. “ఇందులోంచి ఇంకేమీ రాదండి. రెండో కాపీ తీయండి, ఎక్కిద్దాం” అన్నాడు. రెండో కాపీ ఉంటే కదా. ఏసీ ఒక్కటే మాట్లాడుతోంది. (రెండో ఏసీ కూడా ఉండి ఉంటే అదీ మాట్లాడేది.) డిస్కు నా బాధ్యత. సారు నావైపు తిరిగి, “సోమవారం జాబితా బోర్డు మీదుండాలమ్మా. లేకపోతే మీ ప్రొబేషన్ రిపోర్టులో నేనేం రాయను?” అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది.

అసలు మార్కుల కాగితాలు కార్డులు కొట్టగానే తిరిగి వెళ్ళిపోయాయి, సోమవారంలోగా మళ్ళీ రావు. మిగిలిన దారి కార్డులే. ఆఫీసు వ్యాను వేసుకుని, పంచిన కార్డులు అడుక్కోవడానికి బయల్దేరాం. వాచ్‌మన్ తన వాటా నానక్‌రామ్‌గూడలో బజ్జీలమ్మే అవ్వకు ఇచ్చేశాడు. ఆవిడ బజ్జీలు వాటి మీదే పెట్టి ఇస్తోంది. “ఏంది బిడ్డా, గీ పొక్కల అట్టలకా గింత పరేషాను? మరి నేను బజ్జీలు దేంట్ల పెట్టియ్యాలె?” అంది. సారు చేతిలోని ఆనాటి పేపరు మడతపెట్టి ఆవిడకిచ్చారు. “గిది గూడ పాతదైనంక అడగడానికొస్తవా సారూ?” అని అవ్వ నవ్వితే, ఆయన నూనె కారే కార్డులు రెండు వేళ్ళతో పట్టుకుని, జీవితంలో మొదటిసారి “దుమ్మున్నా పర్వాలేదమ్మా, అన్నీ ఇచ్చెయ్యి” అన్నారు.

అందరికంటే పెద్ద కట్ట తీసుకున్నది నేనే. ఇంటికొచ్చేసరికి అది గుమ్మానికి వేలాడుతోంది. అత్తయ్యగారు ఒక్కో కార్డునూ మామిడాకులా మడిచి, ఎర్ర ఊలుతో కుట్టి, తోరణం కట్టారు. ఇంటిముందు నలుగురాడవాళ్ళు నిలబడి మెచ్చుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, జరిగిందంతా చెప్పాను.

“అంటే ఇది విప్పకపోతే నువ్వింక ఇంట్లోనే ఉంటావన్నమాట” అన్నారు ఆవిడ, తాపీగా.

“అవునండి.”

అత్తయ్యగారు తోరణం వైపు చూశారు. నా వైపు చూశారు. నా గుండె డిస్కు కంటే వేగంగా తిరిగింది. “ఆ పరీక్ష రాసిన పిల్లలేం పాపం చేశారు? నిలబడి చూస్తావేం, ఆ స్టూలు గట్టిగా పట్టుకో” అని కత్తెర తీసుకుని ఎక్కేశారు.

మడతలు పడ్డ కార్డులు యంత్రం మింగదు. అంచున ఉన్న అక్షరాలు చూసి మళ్ళీ కొట్టాలి. శనివారం అత్తయ్యగారు నాతోపాటు ఆఫీసుకొచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని మార్కులు చదవడానికి కూర్చున్నారు. (ఆవిడ జడలో మల్లెపూలున్నాయి. దుమ్ము సారు చూసి, కిటికీ వైపు చూసి, ఊరుకున్నారు.) “ఈ కుర్రాడికి లెక్కల్లో మరీ ఇంత తక్కువేమిటే. పోనీ ఇంకో రెండు వేసెయ్యరాదూ?” అనేవారు. “అలా వేయకూడదండి.” “నీకు జాలి లేదమ్మాయ్” అని నిట్టూర్చి తర్వాతి కార్డు తీసేవారు.

ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. వరస నంబర్లలో ఒకచోట ఖాళీ. వ్యాను మళ్ళీ తిరిగింది. అవ్వ బండి కిందా, ఇంట్లో మంచం కిందా వెతికారు. ఒక్క పేరు లేకుండా జాబితా పెట్టడం కుదరదు, ఆ పేరెవరిదో ఎవరికీ తెలియదు. “ముందు అన్నం తిను” అన్నారు అత్తయ్యగారు. క్యారియరు విప్పాను. పులుసు కారకుండా పై గిన్నె కింద రోజూ పెట్టుకునే అట్ట జారి ఒళ్ళో పడింది. నేను పెట్టుకుందే. అది రోజూ నాతోపాటు ఆఫీసుకొచ్చి, నాతోపాటే ఇంటికి వెళ్తోంది. పై అంచున చింతపండు మరక కింద ఎవరో అమ్మాయి పేరు, దాని పక్కన మంచి మార్కులు. అత్తయ్యగారు అది తీసుకుని, కొంగుతో తుడిచి, గట్టిగా చదివారు. ఆ పేరు విన్నప్పుడు నాకొచ్చిన ఏడుపు నా సొంత ఫలితాలప్పుడు కూడా రాలేదు.

సోమవారం జాబితా బోర్డెక్కింది, నేను పర్మనెంటయ్యాను. సారు ఏసీ కాగితం చింపి రెండో డిస్కు డ్రైవు కోసం రాశారు. అది విదేశం నుంచి రావాలి, దానికి ఢిల్లీ అనుమతి కావాలి, ఇప్పటికీ రాలేదు. ఈలోగా కార్డులు దాచడానికి ఒక ఇనప బీరువా మాత్రం వచ్చింది. మా కంప్యూటరులో జరిగిన అభివృద్ధి అదే. దాని తలుపు మూసినప్పుడల్లా నా ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఇవాళ పిల్లకు జలుబు చేసింది. నిద్రలో ముక్కు గరగరమంటే, దీపం పెట్టుకుని పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. దాని టీకాల కార్డుకు నకలుంది, పాలసీసాలు రెండున్నాయి, ఊలు టోపీలు రెండున్నాయి. ఇందాక అత్తయ్యగారు లేచొచ్చి, దాని నుదురు తాకి చూసి, “జ్వరం లేదు. ముక్కే. దుమ్ము సారును పిలిపించమంటావా?” అన్నారు. నవ్వొచ్చింది. ఆవిడ వెళ్ళి పడుకున్నారు. గరగర కూడా తగ్గింది, ఇప్పుడు ఊపిరి సాఫీగా వస్తోంది. ఒకప్పుడు డిస్కు పెట్టె మీద చెవి ఆనించి ఇలాగే వినేదాన్ని. అలా విన్న అప్పటి అమ్మాయి తెలివైనదే, ఎమ్మెస్సీ చదివింది. కానీ నకలు లేని దాన్ని కాపలా కాయడం అంటే ఏమిటో దానికప్పుడు ఏం తెలుసు, పాపం.