పరగడుపున వచ్చినవాళ్ల నాడి

రెండోసారి కూడా మిషన్ మీద నాడి నలభై రెండే వచ్చింది. ఆ అంకె ఫారంలో వేయబోతుంటే ఎదురు కుర్చీలో ఉన్న మనిషి, "సారూ, అయిపోయిందా?" అన్నాడు. తలెత్తి చూసేసరికి అతని పెదవుల రంగు మారి ఉంది. చేతికి బీపీ పట్టీ ఉండగానే ఎడమ పక్కకు ఒరిగాడు. నేను పట్టుకునే లోపల బరువు తూచే బల్లకు భుజం తగిలి కింద పడ్డాడు. గొట్టం లాగడంతో మిషన్ కూడా జారి అతని పక్కనే పడింది. పడ్డాక కూడా అది ఆగలేదు. గాలి నింపుకుంటూ అతని చేతిని బిగిస్తూనే ఉంది.

మస్కట్ పక్కన ఘాలాలో, గ్యారేజీలకూ గోదాములకూ మధ్య ఉన్న ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో నేను అసిస్టెంటుని. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ప్రతి మనిషీ నా కుర్చీలో కూర్చుని లేవాలి. ఎత్తు, బరువు, జ్వరం, బీపీ, నాడి చూసి రాస్తాను. పాత జబ్బులు, ఆపరేషన్లు, వాడే మందులు అడిగి రాస్తాను. ఇక్కడికి రాకముందు కృష్ణా జిల్లాలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం వచ్చింది, ఆమె వెంట నేనూ వచ్చాను, చిన్న కోర్సు చేసి ఈ కుర్చీ సంపాదించాను. పని పెద్దగా మారలేదనిపించేది. అక్కడా అడగడమే, రాయడమే. ఒక్కటే తేడా. పత్రికలో తప్పు రాస్తే మర్నాడు సవరణ వేసేవాళ్లం.

మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంపెనీ బస్సుల్లో వస్తారు. ఎత్తు మీద పనిచేసేవాళ్లకు, అంటే పైపులు బిగించి మంచెలు కట్టేవాళ్లకు, ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. బీపీ హద్దు దాటితే ఎత్తు పని ఇవ్వరు. కింద పని ఖాళీ లేకపోతే ఇంటికి పంపేస్తారు. షుగరు రక్తపరీక్ష కూడా అదే రోజు కాబట్టి అందరూ పరగడుపున వస్తారు. వాళ్లతో పాటు మందూబ్ వస్తాడు. కంపెనీ కాగితాలన్నీ చూసే మనిషిని ఇక్కడ అలా పిలుస్తారు. అందరి బతాకాలూ, అంటే రెసిడెంట్ కార్డులు, ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టుకుని మా హాల్లో ఏసీ కింది కుర్చీలో కూర్చుంటాడు.

ఆ బస్సుల్లో తెలుగువాళ్లు ఉంటే నా గది కాసేపు జగిత్యాల బస్టాండులా ఉంటుంది.

"నిద్ర సరిగ్గా పడుతుందా?"

"రూంల తొమ్మిది మందిమి సారూ. ముందుగాల పన్నోడు అదృష్టవంతుడు. మిగిలినోళ్లకు ఆని గురకనే పాట."

"మందు తాగుతావా?"

"ఎవలన్న పోస్తె."

ఆ రూమ్ వాళ్లందరూ నాకు తెలుసు. వాళ్లలో పెద్దాయనకు యాభై దాటాయి. రూమ్‌లో అందరూ కాకా అంటారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఈ కంపెనీలో అతనే పాతకాపు. బియ్యం ఎవరు తేవాలో, కూర ఎవరు వండాలో, ఊరికెళ్లేవాడు తిరిగి వచ్చేటప్పుడు ఏ మందులు పట్టుకురావాలో అతనే చెప్పేవాడు. అతనికి బీపీ ఉంది, చీటీ ఉంది. కంపెనీ అతన్ని ఎప్పుడో ఎత్తు నుంచి దించి స్టోరులో వేసింది, అయినా ఏటా పరీక్షకు మిగతావాళ్లతో పాటే పంపేది.

రెండేళ్ల కిందట అదే పరీక్షకు వచ్చినప్పుడు కాకా బీపీ నూట ఎనభై దాటింది. అడిగితే, పరగడుపున రమ్మన్నారని పొద్దున మాత్ర మానేశానన్నాడు. నేను కాస్త కోప్పడ్డాను. "తినకపోయినా మాత్ర మానకూడదు కాకా. ఇకనుంచి మాత్ర వేసుకునే రా. నెంబరు సరిగ్గా వస్తుంది" అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. అతనికి ఆ సలహాలో తప్పేమీ లేదు. ఇప్పటికీ మళ్లీ అదే చెబుతాను.

ఇక కింద పడ్డ మనిషి. నలభై నాలుగేళ్లవాడు, జగిత్యాల వైపువాడు, అదే రూమ్‌లో ఉంటాడు. మంచెల పనిలో అతని చేతికి పేరుంది. కిందటేడు అతని బీపీ నూట అరవై నాలుగు వచ్చింది. నేను అతన్ని హాల్లో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మూడోసారికి నూట నలభై ఎనిమిది రాశాను. డాక్టరు సంతకం పెడుతూ, వచ్చే ఏడు ఇలా ఉంటే పైకి ఎక్కనివ్వనని చెప్పింది. బీపీకి మందు రాస్తానంటే అతను వద్దన్నాడు. ఫైలులో మందు పేరు పడితే కంపెనీకి తెలుస్తుందని అతని భయం. మా డాక్టరుది హైదరాబాదు. వయసులో మా అమ్మాయంత ఉంటుంది, నన్ను అంకుల్ అంటుంది.

ఈ ఏడు వేసవి మొదలయ్యాక ఒక సంగతి గమనించాను. వాళ్లుండే కంపెనీ క్యాంపు నుంచి వచ్చేవాళ్ల అంకెలు మరీ బాగున్నాయి. నూట పద్దెనిమిది, నూట పన్నెండు, నూట పదహారు. ఎండలో పనిచేసి, ఉప్పు చేపలు తిని, బీడీ తాగే మనుషులకు వచ్చే అంకెలు కావవి. నాడి యాభై నాలుగు, యాభై, యాభై రెండు. బరువులు మోసే శరీరాలు కదా, గుండె గట్టిదేమో అనుకున్నాను. ఎవరినీ నీళ్లు తాగించి మళ్లీ కూర్చోబెట్టే పని లేకుండా లైను తొందరగా కదులుతోంది. విలేకరిగా ఉన్న రోజుల్లో ఊరంతా ఒకే మాట చెబితే అనుమానించేవాణ్ణి. ఈ కుర్చీలో ఆ అలవాటు ఎందుకు పోయిందో చెప్పలేను.

ఆ రోజు తొమ్మిది మందీ ఒకే బస్సులో వచ్చారు. అతను చివర్న మిగిలాడు. ముందున్న ఎనిమిది మందివీ అయిపోయాయి, సంతకాలు పడ్డాయి, ఫారాలు మందూబ్ ఫోల్డరులోకి వెళ్లాయి. అతను కూర్చోగానే నేను మామూలు ప్రశ్నలు అడిగాను.

"మందులేమైనా వాడుతున్నావా?"

"ఏం లెవ్వు."

"కళ్లు తిరగడం, తూలడం?"

"లేదు సారూ. జర జల్ది చూడుండ్రి. ఆకలైతంది."

చెమట పట్టి ఉంది. ఘాలాలో ఆ నెలలో ఎవరికి పట్టదు? చేయి మాత్రం చల్లగా ఉంది. ఆ చల్లదనం నా వేళ్లకు తెలిసింది. అయినా బటన్ నొక్కాను.

అతను పడ్డాక డాక్టరు పరుగున వచ్చింది. మంచం మీదకు ఎత్తి కాళ్ల కింద దిండ్లు పెట్టాం. వేలు గుచ్చి షుగరు చూశాను, తొంభై ఆరు. ఆకలి వల్ల కాదన్నమాట. బీపీ ఎనభై నాలుగు. నాడి ముప్పై ఎనిమిదికి వచ్చింది. డాక్టరు అంబులెన్సుకు ఫోన్ చేయించి, ఈసీజీ తీగలు అతికిస్తూ నా వైపు చూసింది.

"హార్ట్ ఎటాకా, ఏమైనా మింగాడా? రెండింటికీ మందు వేరు అంకుల్. ఒకదానికిచ్చేది ఇంకోదానికిస్తే పోతాడు. మీవాళ్లే కదా, అడగండి."

హాల్లోకి వెళ్లాను. ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. "ఆయన గుండె ఆగిపోయేలా ఉంది. పొద్దున ఏమైనా మింగాడా? ఎవరికైనా తెలుసా?" అన్నాను. ఒకడు నేలకేసి చూశాడు. ఇంకొకడు తలుపుకేసి చూశాడు. ఏసీ కింద మందూబ్ ఫోన్ పక్కన పెట్టి, "క్యా హువా?" అంటూ వాళ్లనే చూస్తున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఊళ్లో ఎస్సై నిలబడి ఉండగా విలేకరి అడిగితే ఎవరూ నోరు విప్పరు. మనిషిని వేరు చేయాలి.

"కాకా, నీ యూరిన్ శాంపిల్ చాల్లేదట. రా, మళ్లీ ఇద్దువు గాని" అన్నాను గట్టిగా.

కాకా నా వెనకే వచ్చాడు. శాంపిల్ డబ్బాలు పెట్టే చిన్న వరండాలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

"ఏం మింగాడు?"

"నాకేమెర్క సారూ."

"కాకా, అతను చచ్చిపోతాడు. నీ చేతుల మీద పోతాడు."

కాకా చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. దాంట్లో సగం ఖాళీ అయిన మాత్రల అట్ట ఉంది. అతని బీపీ మాత్రలే, గుండె వేగాన్ని కూడా తగ్గించే రకం.

"ఎన్ని?"

"రాత్రి రెండు. పొద్దుగాల రెండు. నేనైతె ఒక్కటే అని చెప్పిన. పోయినేడు ఎక్కువొచ్చింది కాకా, రెండియ్యి అని ఆడే గుంజుకున్నడు."

"చీటీ లేకుండా ఎలా ఇచ్చావు?"

"మీరే చెప్పిండ్రు గద సారూ. గోలి ఏస్కొని రా, నంబరు సక్కగొస్తదని."

"అది నీకు చెప్పాను."

"నాకు సక్కగొచ్చింది. ఆళ్లకు సుత సక్కగొచ్చింది."

"వాళ్లంటే? అందరూనా?"

కాకా డబ్బాల వైపు చూస్తూ అన్నాడు. "ఆడు కాకుంట ఏడుగురు. రూమంత ఏసుకుంటది. పరీచ్చకు మూడొద్దుల ముందుకెల్లి."

"వాళ్లు పేషెంట్లు కాదు కదా కాకా."

"అందరం పేషెంట్లమే సారూ. నాకు కాయితమున్నది, ఆళ్లకు లేదు. గంతే." తర్వాత నా చేయి పట్టుకున్నాడు. "ఆన్ని బతికియ్యుండ్రి. గని ఫారంల రాయకుండ్రి. రాస్తె ఎత్తు పని బందయితది. ఇద్దరు ఆడివిల్లలున్నరు ఆనికి, చదువుకుంటున్నరు."

అట్ట తీసుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. ఆమె మందు పేరు చదివి, నాడిని పెంచే ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి నలభై నాలుగు, ఆపైన యాభై. అంబులెన్సు వాళ్లు వచ్చి, ఏం తీసుకున్నాడని అడిగారు. అట్ట వాళ్ల చేతిలో పెట్టాను. డాక్టరు రెఫరల్ కాగితం నా ముందుకు తోసి, హిస్టరీ మీరు రాయండి అంది. మందుల గడిలో పొద్దున నేనే 'ఏమీ లేవు' అని రాసిన ఫారం పక్కనే ఉంది. అది కొట్టేసి, రెండు కాగితాల్లోనూ రూమ్‌మేటు బీపీ మాత్రలు నాలుగు వేసుకున్నాడని రాశాను. మాత్ర పేరు, వేసుకున్న వేళలు రాశాను. అది రాయకుండా పంపితే పెద్దాసుపత్రిలో మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

స్ట్రెచర్ మీద తలుపు దాటుతుంటే అతను కళ్లు తెరిచాడు. "నాకెంతొచ్చింది?" అన్నాడు.

అంబులెన్సు వెళ్లాక డాక్టరుకు మిగతా ఏడుగురి సంగతి చెప్పాను. ఇప్పుడే మళ్లీ చూద్దాం, ఎవరూ వెళ్లకూడదు అంది. హాల్లోకి వస్తే కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎండ వల్ల బయట పని ఆపే మధ్యాహ్నం విరామానికి ముందే మనుషుల్ని క్యాంపులో దింపాలని మందూబ్ అందర్నీ బస్సెక్కించాడు. ఫోల్డరు అతనితోనే వెళ్లింది. అందులో నా చేతిరాతతో, డాక్టరు సంతకంతో ఎనిమిది ఫారాలు ఉన్నాయి. ఎనిమిదింటి మీదా ఫిట్ అని ఉంది.

డాక్టరు ఆ రోజే కంపెనీకి ఉత్తరం రాసింది. మందులు పూర్తిగా ఒంట్లోంచి పోయాక ఏడుగురికీ మళ్లీ పరీక్ష చేయాలని, అప్పటిదాకా పైకి ఎక్కించవద్దని రాసింది. నేను మందూబ్‌కు ఫోన్ చేశాను. "భాయ్, షట్‌డౌన్ పని నడుస్తోంది, ప్లాంటు ఆపి రిపేర్లు చేస్తున్నారు. మీరే ఫిట్ రాశారు, మీరే కాదంటారు. సైటు నుంచి ఎవర్ని దించమంటారు?" అన్నాడు. వచ్చే వారం పంపుతానన్నాడు.

శుక్రవారం నేనూ మా ఆవిడా ఆస్పత్రికి వెళ్లి అతన్ని చూశాం. ముఖం తేటపడింది. మాత్రల ప్రభావం పోయాక అతని బీపీ నూట డెబ్భై ఎనిమిది ఉందని అక్కడి నర్సు మా ఆవిడతో చెప్పింది. అది అతని అసలు అంకె. ఎన్నాళ్లనుంచో అతను దాంతోనే మంచెలు ఎక్కుతున్నాడు.

మేం తెచ్చిన పళ్లు పక్కన పెట్టి, "సారూ, నా ఫారంల ఏం రాసిండ్రు?" అని అడిగాడు.

చెప్పాను. దాచలేదు.

"కాకా పేరు రాసిండ్రా?"

"లేదు. రూమ్‌మేటు అని రాశాను."

"తొమ్మిది మందిల ఎవలకు గోలీలున్నయో కంపెనీకి తెల్వదా?" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "అక్కా, గీ గోలీలు రోజు ఏస్కుంటె మల్ల పైకెక్కనిస్తరా?" అని అడిగాడు. ఒక్కోసారి ఎక్కనిస్తారని, డాక్టరు చెప్పినట్టు వాడి తగ్గించుకోవాలని ఆమె అంది. అతను నా ముఖం వైపు చూశాడు, నేను కూడా అదే చెబుతానేమోనని. ఆ మాట నీ డాక్టరునే అడుగు అన్నాను. నా సలహాలు ఎంత దూరం వెళ్తాయో అప్పటికి నాకు తెలిసింది.

అతన్ని డిశ్చార్జి చేసి క్యాంపుకు పంపారు. పని ఇవ్వలేదు, ఊరికి టికెట్టూ ఇవ్వలేదు. అతని ఫారం మా దగ్గరే ఉంది, ఫిట్ అన్న గడీ ఖాళీ, అన్‌ఫిట్ అన్న గడీ ఖాళీ. స్టోరులో కాకా చోటు కూడా కంపెనీ ఇంకొకరికి ఇచ్చిందని విన్నాను. అది నిజమో కాదో కనుక్కోలేకపోయాను. ఫోన్ చేస్తే కాకా ఎత్తడం లేదు.

ఇప్పుడు నేను మందుల గురించి మూడు రకాలుగా అడుగుతున్నాను. నీవి వేసుకున్నావా, ఇంకొకరివి వేసుకున్నావా, నిన్న వేసుకున్నావా. నాడి అరవై కన్నా తగ్గితే డాక్టరుకు చెబుతున్నాను. మనుషులు నన్ను చూసే చూపు మారింది. జోకులు తగ్గాయి. ఎవరైనా తెలుగువాడు కూర్చోగానే, ముందువాడికి నేను ఏం రాశానో ఆ పేజీకేసి చూస్తాడు.

ఉత్తరం రాసి ఏడు వారాలైంది. ఆ కంపెనీ బస్సు ఆ తర్వాత నాలుగుసార్లు వచ్చింది. ఆ ఏడుగురిలో ఎవరూ దిగలేదు. వాళ్ల ఫారాల మీద నేను రాసిన అంకెలు ఏడాది పాటు చెల్లుతాయి. షట్‌డౌన్ పని ఇంకా పూర్తి కాలేదు. వాళ్లు పైనే ఉన్నారు.