ఒక్క సాయంత్రం నోరు మూసుకున్న పాపానికి

ఆ రోజుల్లో జబ్బంటే కంటికి కనబడాలని నాకు గట్టి నమ్మకం. చెయ్యి కాలితే బొబ్బ, కాలు జారితే కట్టు, ఈ రెండూ కాకపోతే బద్ధకం. తొమ్మిదో తరగతిలో బడికి నేనూ, నాకు బడీ విసుగుపుట్టి విడిపోయాక, అనకాపల్లి వైపు ఒక పంచదార మిల్లులో వెల్డింగు నేర్చుకున్నాను. ఇనుమూ ఇనుమూ అయితే ఇట్టే అతికేవాణ్ణి. (నాకూ చదువుకీ మాత్రం ఏ రాడ్డూ పనిచెయ్యలేదు.) అక్కణ్ణించి ఒక కాంట్రాక్టరు పుణ్యమా అని దక్షిణాఫ్రికాలో స్టాంగర్ దగ్గర మిల్లుకి బాయిలరు గొట్టాలు అతకడానికి వచ్చిపడ్డాను. నల్లా తెల్లా అందరూ ఒకే వరసలో నిలబడి ఓట్లేసిన మరుసటి ఏడు. దేశమంతా కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకుంటోంది. నాకేమో ఊరినుంచి తెచ్చుకున్న పాత గుండె ఒక్కటే ఉండేది. ఆదివారం పొద్దు వాలేసరికి అది రాళ్ళబండిలా దడదడలాడేది. ఇవాళ పోతాను, ఈ గదిలో పోతాను, సోమవారం పనికి రాకపోతే తప్ప ఎవడికీ తెలీదు, అనుకుంటూ మంచమ్మీద బిగుసుకుని కూర్చునేవాణ్ణి.

గది అంటే, వీధంతా అవ్వా అని పిలిచే ఒక ముసలావిడ ఇంటి పెరట్లో ఉన్న అద్దె గది. అవ్వ తాతముత్తాతలు ఎప్పుడో చెరకు తోటల్లో పనికని మన తీరం నుంచి ఓడెక్కినవాళ్ళు. అవ్వ కబుర్లన్నీ ఇంగ్లీషులో చెప్పేది, దండకం చదవాలన్నా, కూర పేరు చెప్పాలన్నా, ఎవణ్ణయినా తిట్టాలన్నా తెలుగులోకి దిగేది. తెలుగు వినాలనిపించినప్పుడల్లా నేను ఏదో ఒక వెధవ పని చేసి తిట్లు తినేవాణ్ణి. ఇక ఆ వీధిలో పెళ్ళయినా పూజయినా నేను ఉండాల్సిందే. మా ఫోర్‌మన్ నడకా, పూజారి తుమ్మూ, అవ్వ టెలిఫోన్లో అరిచే అరుపూ అన్నీ చేసి చూపించేవాణ్ణి. జనం పొట్టలు పట్టుకునేవారు. నవ్వడం అయిపోగానే ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవారు, నేను గదికి పోయేవాణ్ణి, దడ మొదలయ్యేది.

మిల్లు డాక్టరు చూసి, "నీ గుండె నా గుండెకంటే బాగుంది, నీక్కావాల్సింది మాట్లాడే డాక్టరు," అన్నాడు. మాట్లాడటానికి డాక్టరెందుకు, నేను చాలనా అనుకున్నా, వెళ్ళాను. మొదటాయన డర్బన్‌లో ఒక పెద్దమనిషి. ఆయన నోరు విప్పడు, నేను విప్పేదాకా చూస్తాడు. ఆ నిశ్శబ్దం భరించలేక నాకొచ్చిన జోకులన్నీ చెప్పేశాను. ఆయన తలాడించి గడియారం చూశాడు. రెండో ఆవిడ రైస్‌థార్ప్‌లో చీరల కొట్టు మేడమీద ఉండేది. ఆవిడ నా జోకులకి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, టైమైపోయింది, మళ్ళీ రమ్మంది. (ఫీజు ఎవరు ఎవరికివ్వాలో నాకు అర్థం కాలేదు.) బస్సులో వస్తుంటే దడ.

మూడో ఆవిడ రిజర్వాయర్ హిల్స్‌లో, తమిళుల ఇంటి పిల్ల. ఇంటి వెనక చిన్న గదిలో చూసేది. నేను కూర్చోగానే తనేం చదివిందో, ఏ పద్ధతిలో చూస్తుందో తనే చెప్పింది. "కొన్ని వారాలు చూద్దాం. నాతో కుదరకపోతే చెప్పెయ్యండి, నాకు కోపం రాదు, ఇంకొకరి దగ్గరికి పంపుతాను," అంది. ఇలా చెప్పిన డాక్టరు అప్పటికి నాకు తగల్లేదు. పద్ధతి పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పేరు పలకడానికే నాకు రెండు బస్సు ప్రయాణాలు పట్టింది. విషయం మాత్రం మన పనే. దడ ఊరికే రాదట. ముందు మనసులో ఒక మాట పుడుతుంది, ఆ మాటకి ఒళ్ళు భయపడుతుంది, ఆ భయానికి మనం ఒక పని చేస్తాం, ఆ పని మాటని ఇంకా బలపరుస్తుంది. కాబట్టి మాట ఏదో పట్టుకుని, నిజమో కాదో పరీక్ష పెట్టాలి. "గొట్టంలో నీళ్ళు నింపి ఒత్తిడి పెంచి ఎక్కడ కారుతుందో చూసినట్టా?" అన్నాను. "అంతే," అంది.

నా మాటని పట్టుకోడానికి ఆవిడకి ఎంతో సేపు పట్టలేదు. "మీరు నవ్వించకపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, ఎవరూ పక్కన కూర్చోనివ్వరు," అన్నాను. జోకనుకుని నేనే నవ్వబోయాను. నవ్వు రాలేదు.

పరీక్ష అదే అయింది. ఒక సాయంత్రం జనంలో కూర్చుని ఒక్క జోకూ వెయ్యకూడదు. అడిగినదానికి జవాబు చెప్పొచ్చు. ఏం జరుగుతుందనుకుంటున్నారో ముందే చెప్పమంది. "లేచి పొమ్మంటారు," అన్నాను.

ఆ శనివారం పక్కింట్లో పెళ్ళికి కూరగాయలు తరగడం. అక్కడ పెళ్ళికి ముందురోజు వీధంతా వచ్చి ఆ ఇంటి పెరట్లో డేరా కింద కూర్చుని తరుగుతారు. నేనూ ఒక ఆలుగడ్డల బుట్ట ముందేసుకుని తొక్క తియ్యడం మొదలుపెట్టాను. డేక్సా మావయ్య (పెద్ద పెద్ద డేక్సాల్లో వంట చేసేది ఆయనే, భార్య పోయినప్పటినుంచి ఏ ఇంట పొయ్యి వెలిగినా అక్కడే ఉండేవాడు) నన్ను చూసి, "ఏం అల్లుడూ, ఫోర్‌మన్ ఎట్టా ఉన్నాడు?" అని గట్టిగా అడిగాడు. నలుగురూ నవ్వడానికి సిద్ధమయ్యారు.

"బాగున్నాడు మావయ్యా," అన్నాను.

ఆయన ఇంకా ఏదో వస్తుందని ఆగాడు. రాలేదు. చాకుల చప్పుడు తగ్గింది. ఆడవాళ్ళ వైపు గుసగుసలు మొదలై అవ్వ దాకా పోయాయి. అవ్వ ఉల్లిపాయలతోపాటు ఇంగ్లీషు కూడా వదిలేసి వచ్చింది.

"ఇండియాలో ఎవురు పోయినారు?"

"ఎవరూ పోలేదవ్వా."

"అబద్దం సెప్పకు. మా నాయిన పోయినపుడు నేనూ ఇట్లే ఉన్నా. టెలిఫోన్ వచ్చిందా?"

"రాలేదవ్వా. నాకేం లేదు."

"ఐకోనా," అంది అవ్వ. (జూలూ వాళ్ళతో పనిచేసిన ప్రతివాళ్ళకీ వచ్చే మాట, కుదరదు అని.) నా చేతిలో చాకు మెల్లగా తీసుకుంది. "పెళ్ళి కూర, నాయినా. అంటు ఉన్నోళ్ళు ముట్టకూడదు. నువ్ లెయ్యి. ఇంటికి పో."

చూశారా, పొమ్మన్నారు. నేను అనుకున్నది అక్షరాలా జరిగింది. పెరడు దాటి గదికొచ్చి మంచమ్మీద కూర్చున్నాను. దడ దానంతటదే వచ్చి పక్కన కూర్చుంది. డాక్టరమ్మకి ఏం చెప్పాలి, కాంట్రాక్టరుకి ఏం చెప్పి ఊరికి పోవాలి, అని లెక్కలేసుకుంటున్నాను.

కాసేపటికి తలుపు తోసుకుని అవ్వ వచ్చింది. వెనక డేక్సా మావయ్య, ఆ వెనక వీధిలో సగం జనం. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగు వండి తెస్తారు. అన్నం, పప్పు, అరటిపళ్ళు. ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పులు బయట విడిచి నేలమీద కూర్చున్నారు, పట్టనివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. చావింటికి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని అక్కడ మర్యాద. వీధిలో అందరికంటే పెద్ద గొంతున్న మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాడు. నన్నెవరూ ఏమీ చెయ్యమనలేదు. దడ ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో నేను చూడలేదు.

ఇంక దాచడం పాపమని అంతా చెప్పేశాను. డాక్టరమ్మ, పరీక్ష, అన్నీ.

"నీ మూతి మండ," అంది అవ్వ. "నా ఉల్లిపాయలు అట్లే వొదిలేసి వచ్చినా. తిను. పప్పు సల్లారిపోతాది."

అందరూ నవ్వుకుంటూ మళ్ళీ కూరగాయల దగ్గరికి పోయారు. మావయ్య ఒక్కడూ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "ఆ డాక్టరమ్మ... ముసలోళ్ళని కూడా సూస్తాదా?" అన్నాడు, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ. "పనయిపోయి ఇంటికి పోతే నాకూ బాగుండదు అల్లుడూ."

తర్వాత వారం ఆయన బక్కీలోనే (వెనక సామాన్లేసుకునే బండి) ఇద్దరం వెళ్ళాం. ముందు నా వంతు. "పొమ్మన్నారు డాక్టరమ్మా, ఆ వెనకే అన్నం పట్టుకొచ్చారు," అని చెప్పాను. తర్వాత ఆయన లోపలికి వెళ్ళాడు, నేను బండిలో కూర్చున్నాను. ఎవరూ తెలియని వీధి, ఎండ. దడ కొంచెం వచ్చింది, రానిచ్చాను. ఆయన బయటికొచ్చి, "మంచి పిల్లే గానీ నాకు కుదర్లేదు, నా బాధ కూతురి ఈడు పిల్లకి సెప్పలేను. అదే సెప్పినా. పెద్దవయసు మగ డాక్టరు పేరు రాసిచ్చింది," అన్నాడు.

"కోపం రాలేదా?"

"లేదే. టీ కూడా ఇచ్చింది."

రెండు పక్కలా చెరకు తోటల మధ్య స్టాంగర్ దాకా ఇద్దరం మాట్లాడకుండానే వచ్చాం. జోకులు నేను మానలేదు, మానమని ఆవిడా అనలేదు. ఇప్పుడు జుట్టు నెరిసిన నేను, మాటలు ఆగిపోయిన ఆ బండిలో మావయ్య వైపు దొంగచూపులు చూస్తూ, ఈయనకి విసుగేస్తోందేమోనని దారంతా కంగారుపడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పిచ్చివెధవ, మావయ్య ఎప్పుడో నిద్రలాంటి హాయిలో స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటుంటే, అది విసుగు కాదని వాడికి తట్టనే లేదు.